పన్నెండో అర

జీవితంలో లక్ష్యం ఉండాలని చెప్పే పుస్తకాలు దేవరకొండ బస్టాండు దుకాణంలో దొరుకుతాయి. మల్లికార్జున్ అలాంటివి మూడు కొన్నాడు, ఒకదాన్ని పదిహేడో పేజీ దాకా చదివాడు. లక్ష్యం ఏదైనా సరే, గట్టిగా పట్టుకుంటే చాలని ఆ పేజీలో ఉంది. 'ఏదైనా సరే' అన్నచోట పుస్తకం మూసి దిండు కింద పెట్టుకున్నాడు. ఆ తర్వాతి పేజీలో కష్టపడమని ఉంటుందని ఆయనకు అనుమానం.

దేవరకొండకు ఏడు కిలోమీటర్ల దూరంలో, రాళ్లూ పత్తిచేలూ చెరిసగం పంచుకున్న ఊరు ఆయనది. తాత నాటికి నలభై ఎకరాలు, తండ్రి నాటికి పదకొండు, ఆయన చేతికి వచ్చేసరికి ఎకరంన్నర మిగిలింది. తరగకుండా మిగిలిన ఆస్తి 'పటేలా' అన్న పిలుపొక్కటే. దాన్ని ఆయన భద్రంగా వాడుకునేవాడు.

తెలంగాణ వచ్చిన ఏడు ఆయనకు ముప్పై ఆరేళ్లు. రాష్ట్రానికి దశ తిరిగింది కనుక ఆ ఊపులో తనకూ తిరుగుతుందని అరుగు మీద కూర్చుని ఎదురుచూశాడు. తిరగకపోయేసరికి తానే తిప్పబోయాడు. మంచినీళ్ల ప్లాంటు పెట్టాడు. ఏడాది నిండకముందే ఇంటింటికీ సర్కారు నల్లా వచ్చింది. దేవరకొండ జిల్లా అవుతుందని నమ్మి ప్లాట్ల బ్రోకరు అయ్యాడు. కొత్త జిల్లాల పటం వచ్చేనాటికి దేవరకొండ నల్లగొండలోనే ఉంది, ప్లాట్లలో సర్కారు తుమ్మ ఉంది. నాటుకోళ్లు పెంచాడు, వాటి లాభం ఊరకుక్కలు తిన్నాయి. ఇన్నాళ్లూ ఇల్లు శ్రీవాణి కుట్టుమిషన్ మీద నడిచింది. శ్రీవాణి ఆయన భార్య. ఆమె చేస్తున్నదాన్ని ఆయన 'సపోర్టు' అనేవాడు.

ఇంతటి మనిషికి దారి చూపించింది ఒక శవం.

ఆ ఊళ్లో పండు ముసలివాళ్లు పోతే ఏడుపు తక్కువ, హంగామా ఎక్కువ. పాడె మీదుగా పేలాలూ చిల్లరా చల్లుతూ తీసుకుపోతారు. ఎనభై దాటి బతికినవాళ్ల మీంచి పడ్డ పైసను ఏరి చిన్నపిల్లల మెడలో కడితే ఆ ఆయుష్షు పిల్లలకు వస్తుందని నమ్మకం. ముసలివాళ్లకు కూడా ఆ రోజు గురించి పట్టింపు ఉంటుంది. తమ మీంచి ఉత్త రూపాయి బిళ్లలు పడటం నామోషీ అనుకుని, నిజాం కాలం నాటి బిళ్లలు ఒకటో రెండో మూటగట్టి దాచుకుంటారు. పడ్డదాన్ని ఏరడానికి ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది: డప్పులకు ముందు పడ్డది డప్పులవాళ్లది, వెనక పడ్డది ఎవరు వంగితే వాళ్లది.

పటేళ్లు వంగరు. మల్లికార్జున్ కూడా అంతవరకు వంగలేదు. కానీ ఒక ముసలాయన పాడె మీంచి చల్లిన చిల్లరలో ఒకటి వచ్చి ఆయన చెప్పు కిందే ఆగింది. తీసి చూస్తే గోటంత వెండి బిళ్ల, దాని మీద చార్మినార్. ఫోన్‌లో వెతికితే, పాత నాణెం ఒక్కటి ఇంట్లో ఉంటే లక్షాధికారులు మీరేనని ఎర్రచొక్కా మనిషి ఒకడు అరుస్తున్నాడు. మల్లికార్జున్ తెల్లారి హైదరాబాద్ బస్సెక్కాడు.

అక్కడి నాణేల వ్యాపారి, గడ్డం తెల్లబడిన పెద్దమనిషి, బిళ్లను భూతద్దం కింద పెట్టి చూసి రెండు వందలు ఇస్తానన్నాడు. ఎర్రచొక్కా మనిషి లక్షల సంగతి చెబితే నవ్వను కూడా నవ్వలేదు. అట్లాంటివాళ్లు రోజుకు నలుగురు వస్తారట. కానీ మల్లికార్జున్ ముఖం చూసి ఎందుకో జాలిపడి ఒక మాట చెప్పాడు.

"చూడు భాయ్, కనవడ్డదల్లా ఏరకు. ఒక్కటి పట్టుకో. ఇద్దరు నిజాముల చార్మినార్ బిళ్లలు పన్నెండు రకాలున్నయ్. గవన్ని జమచెయ్యి. ఫోకస్ ఉండాలె."

పదిహేడో పేజీలో ఉన్న మాటే గడ్డం పెట్టుకుని ఎదురుగా కూర్చుని పలికినట్టయింది. మల్లికార్జున్ బిళ్ల అమ్మలేదు. పన్నెండు అరల ఆల్బం ఒకటి కొనుక్కుని, మొదటి అరలో దాన్ని దోపి, ఊరికి కొత్త మనిషై వచ్చాడు.

ఆనాటి నుంచి ఆయన బతుకుకు ఒక దిశ ఏర్పడింది. అది సాధారణంగా ఊరి నుంచి శ్మశానం వైపు ఉండేది. చుట్టుపక్కల పది ఊళ్లలో ఎనభై దాటిన వాళ్లు ఎక్కడ కన్నుమూసినా అక్కడ ఆయన ఉండేవాడు. తెల్లచొక్కా వేసుకుని, తల వంచుకుని, డప్పుల వెనక సరిగ్గా నాలుగడుగుల దూరంలో నడిచేవాడు. ఆ వంచిన తలను చూసి జనం ఆయన ఎంత మెత్తబడ్డాడో అనుకున్నారు. వంగడంలో కూడా ఒక పద్ధతి కనిపెట్టాడు: దుఃఖం ఆపుకోలేనట్టు మోకాలి మీద కూలి, చేత్తో నేలను తాకి, కళ్లకు అద్దుకుని లేచేవాడు. లేచేటప్పుడు పిడికిలి మూసి ఉండేది.

ఈ భక్తి పూర్తిగా అర్థమైనవాడు ఇస్రాయేలు ఒక్కడే. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ప్రతి చావుకూ ముందు నడిచే డప్పు అతనిది. ఒకసారి మల్లికార్జున్ దుఃఖం హద్దు మీరి డప్పుల ముందుకు దూసుకొచ్చినప్పుడు, ఇస్రాయేలు దరువు తప్పకుండానే అన్నాడు: "పటేలా, గది మా జాగ. మీరు ఎన్కకు వొయ్యి ఏడ్వుండ్రి."

మూడేళ్లలో పదకొండు అరలు నిండాయి. కొన్ని ఏరినవి, కొన్ని ముసలివాళ్ల కొడుకులను మాటల్లో పెట్టి చవగ్గా కొన్నవి. ఈ మధ్యలో మల్లికార్జున్‌కు మనుషులంటే చులకన పెరిగింది. చిల్లరను చిల్లర అనేవాళ్లతో మాట్లాడటం మానేశాడు. 'పైస' అని ఎవరైనా అంటే, 'నాణెం' అని దిద్దేవాడు. చరిత్ర తెలియని ఊళ్లో పుట్టడం తన దురదృష్టమని శ్రీవాణికి చెబితే, ఆమె నోట్లోని దారం తీసి, జాకెట్టుకు గుండీలు కుట్టిపెట్టమంది.

పన్నెండో అర మాత్రం ఖాళీగా ఉంది. అందులోకి రావలసింది మహబూబ్ కాలపు నిండు రూపాయి. పాలమూరుకు ఏ నిజాం పేరు పెట్టారో ఆ మహబూబ్‌ది. చార్మినార్ వాకిట్లో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది, అదే దాని గుర్తు. నల్లగొండలో ఏటా జరిగే నాణేల ప్రదర్శనలో పన్నెండూ చూపినవాడికి ఒక పతకం ఇస్తారు. ఒక్కటి తగ్గినా చప్పట్లే. పతకం మెడలో పడితే 'పటేలా' అన్న పిలుపుకు ఇన్నాళ్లకు ఒక కారణం దొరుకుతుందని ఆయన ఆశ.

ఆ రూపాయి ఎక్కడో కాదు, ఆ ఊళ్లోనే, నాలుగిళ్ల అవతల, గొల్ల సత్తమ్మ నడుముకు కట్టుకున్న వక్కల సంచిలో ఉంది.

సత్తమ్మకు అప్పటికి ఎనభై మూడు. భర్త మల్లన్న పోయి ఇరవై ఏళ్లు. కొడుకు ఐలేశం గొర్లు తోలుకుని పొద్దున పోతే పొద్దుగూకి వచ్చేవాడు. ఒకరోజు ఆమె సంచి విప్పి వక్క తీస్తుంటే తెల్లగా ఒకటి జారి ఒళ్లో పడింది. అరుగు ముందు నుంచి పోతున్న మల్లికార్జున్ అక్కడే నిలబడిపోయాడు. అడిగి చేతిలోకి తీసుకుని చూశాడు. చార్మినార్ ఉంది, వాకిట్లో అక్షరం ఉంది. రెండు వేలు ఇస్తానన్నాడు. అయిదన్నాడు. శ్రీవాణి మిషన్ డబ్బాలోని డబ్బు గుర్తొచ్చి ఎనిమిది దాకా పోయాడు.

సత్తమ్మ రూపాయిని మళ్లీ సంచిలో వేసి మూతి బిగించింది. "గిది మా అత్త నాకిచ్చింది బిడ్డా. నేను వొయిన్నాడు నా మీంచి జల్లాలె. బతికుండంగ ఎవ్వలకియ్య." ఆయన ముఖం చూసి, ఓదార్పుగా ఇంకో మాట కలిపింది: "ఎంత, ఇయ్యాలనో రేపో."

ఇయ్యాలనో రేపో అన్నమాటను మల్లికార్జున్ ప్రామిసరీ నోటులాగా తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే పోయి ఆమె అరుగు మీద కూర్చునేవాడు. తాను లేని సమయంలో ఆమె పోతే ఊరేగింపులో తన చోటు పోతుందని ఒక భయం. తెలివితక్కువ ఐలేశం ఆ రూపాయిని అంగట్లో ఇచ్చి గొర్లకు మందు కొంటాడని ఇంకో భయం. ఎవరైనా అడిగితే, అవ్వ ఒంటరిగా ఉంటుంది గదా, చూసిపోదామని వచ్చానని చెప్పేవాడు.

రోజూ వచ్చి కూర్చునే మనిషికి సత్తమ్మ పనులు చెప్పడం మొదలుపెట్టింది. కాదంటే అరుగు దిగమంటుంది. దేవరకొండ దవాఖాన నుంచి బీపీ గోలీలు తెచ్చాడు. కంటి శిబిరానికి తీసుకుపోయి పొర తీయించాడు. ఆ తర్వాత ఆమె సంచిని ఇంకా జాగ్రత్తగా చూసుకోసాగింది. చలికాలం దగ్గు పట్టుకుంటే నెబ్యులైజర్ పట్టించాడు. ఒకరోజు నోరు చేదుగా ఉందంటే మేకకాళ్ల షోర్వా కాయించుకొచ్చాడు. కాచింది శ్రీవాణి.

ఇక్కడ మల్లికార్జున్ బుర్రకు అందని చిన్న చిక్కు ఒకటి ఉంది. ఆమె పోతే తప్ప రూపాయి రాదు. ఆయన సేవ చేస్తున్నంత కాలం ఆమె పోదు. ఆ సంగతి ఆయనకు లీలగా తట్టడానికి రెండేళ్లు పట్టింది. తట్టిన రోజు గోలీలు తేవడం మరిచిపోయినట్టు నటించాడు. సత్తమ్మ ఊరు ఊరంతా వినేలా, పటేలు కొడుకు తనను సంపుతున్నడని ఏడ్చింది. సర్పంచి వచ్చి అడిగాడు. సాయంత్రంలోగా గోలీలు వచ్చాయి, రెండు నెలలకు సరిపోయేన్ని.

శ్రీవాణి తల్లి కృష్ణమ్మ నార్కట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉండేది. మోకాళ్లు పట్టుకుపోయి గడప దాటలేకపోతున్నది. ఒక్కసారి వచ్చి దవాఖానకు తీసుకుపొమ్మని శ్రీవాణి అడగని నెల లేదు. మల్లికార్జున్ తనకు తీరికెక్కడిదని నిజాయితీగానే అడిగేవాడు.

"మా అమ్మ గడప దాటక మూడేండ్లాయె," అన్నది శ్రీవాణి ఒకరోజు, షోర్వా గిన్నె చేతికిస్తూ. "సత్తవ్వకు కాళ్ల షోర్వ. నువ్వు ఆమెకు మంచిగజేస్తున్నవా, పాణం తియ్యనీకె జూస్తున్నవా, నాకైతే సమజైతలేదు."

నాకూ సమజైతలేదని ఆయన అనలేదు. గిన్నె మీద మూత పెట్టుకుని పోయాడు.

అట్లా ఆరేళ్లు గడిచాయి. నడుమ కరోనా వచ్చి నలుగురైదుగురు ముసలివాళ్లను తీసుకుపోయింది. వాళ్లకు పేలాలు లేవు, డప్పు లేదు, చిల్లర లేదు. ఆ రోజుల్లో మల్లికార్జున్ సత్తమ్మ గడపకు తాళం వేసినంత పని చేశాడు. పాల ప్యాకెట్‌ను సబ్బుతో కడిగి లోపలికి పంపేవాడు. సొంత తల్లిని కూడా ఇట్లా చూసుకున్నవాడు జిల్లాలో లేడని ఆశా వర్కరు రాసిపెట్టుకుంది.

ఎనభై తొమ్మిదో ఏట, ఒక ఎండాకాలం పొద్దున, సత్తమ్మకు ఇక చాలనిపించింది. గోలీ వద్దని చేత్తో తోసేసింది. ఐలేశాన్ని, మనుమడు నరేష్‌ను పిలిచింది. వక్కల సంచి విప్పి రూపాయి తీసి నరేష్ చేతిలో పెట్టి, పాడె ఊరి నడుమ బొడ్రాయి దగ్గరికి రాంగనే చల్లమంది. గోడ పక్కన నిలబడ్డ మల్లికార్జున్, బొడ్రాయి దగ్గర నేల ఎట్లా ఉంటుంది, ఎక్కడ నిలబడితే బాగుంటుంది అని మనసులో గీసుకుంటున్నాడు. అప్పుడు సత్తమ్మ ఆయన వైపు తల తిప్పింది. పొర తీయించిన కళ్లు, అన్నీ స్పష్టంగా కనిపించే కళ్లు.

"అయిలేశా," అన్నది. "గీ పిలగాడు నన్ను కన్నకొడుకు లెక్క జూసిండు. నా పాడెకు ముంగటి భుజం గాయనది. గదే నా ఆఖరి మాట."

ఐలేశం కళ్లు తుడుచుకుని మల్లికార్జున్ రెండు చేతులూ పట్టుకున్నాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా ముక్కు మీద వేలేసుకున్నారు. పాడె మోయడం అయినవాళ్లకే దక్కే గౌరవం. గొల్లోళ్ల పాడెకు పటేలు భుజం పట్టడం ఆ ఊళ్లో ఎన్నడూ లేదు. అంతటి గౌరవాన్ని వద్దనడానికి మల్లికార్జున్ ఆ చేతులు విడిపించుకోబోయాడు. అది కూడా దుఃఖం కిందే జమ అయింది.

సత్తమ్మ మధ్యాహ్నానికి పోయింది. వైకుంఠ రథం పిలిపిస్తే భుజాలు మిగులుతాయి గదా అని మల్లికార్జున్ ఆఖరి ప్రయత్నం చేశాడు. తల్లి మాట దాటనని ఐలేశం అడ్డంగా తలూపాడు.

పాడె లేచింది. ముందు ఇస్రాయేలు డప్పు, దాని వెనక నిప్పుల కుండతో ఐలేశం, ఆ వెనక పాడె. ముందు వరుసలో ఎడమ భుజం మల్లికార్జున్‌ది. ఒక చెయ్యి వెదురుకు, ఇంకో చెయ్యి తాడుకు. చాటలోంచి నరేష్ పిడికిళ్లతో పేలాలు చల్లుతున్నాడు. రూపాయి బిళ్లలు, అయిదు రూపాయల బిళ్లలు మల్లికార్జున్ కాళ్ల మధ్య దొర్లుతున్నాయి. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన ఒక ఊరేగింపులో తల ఎత్తుకుని నడిచాడు. వంచడానికి వీల్లేదు, చెంపకు వెదురు అడ్డం.

బొడ్రాయి వచ్చింది. నరేష్ చేయి లేచింది. తెల్లగా ఒకటి ఆయన తల మీంచి పోవడం చూశాడు. వెండి సిమెంటు రోడ్డు మీద పడితే వచ్చే చప్పుడు ఆ గుంపులో ఆయన ఒక్కడికే తెలుసు. అది పడింది, ఒకసారి ఎగిరింది, అంచు మీద నిలబడి దొర్లడం మొదలుపెట్టింది. ఐలేశం కాళ్ల పక్కనుంచి, డప్పుల నడుమ నుంచి, నింపాదిగా ముందుకు పోయింది. ఇస్రాయేలు డప్పు ఆగలేదు. కాలు మాత్రం ఒక్క అడుగు ముందుకు జరిగి ఆగింది.

మల్లికార్జున్ ముందుకు ఊగాడు. పాడె వాలింది. సత్తమ్మ తల అటు వాలి ఆయన చెవి దగ్గరికొచ్చింది. వెనక భుజాలవాళ్లు కేకేసి సర్దుకున్నారు. పటేలు పాపం నిలవలేకపోతున్నడని, ఎంత మాయ పెంచుకున్నడోనని ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఊరు దాటాక దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలిచి, పలకకపోతే ముందుకు సాగడం ఆచారం. ఐలేశం "అమ్మా" అని మూడుసార్లు పిలిచాడు. లేచి, నువ్వు గూడ పిలువన్నా, నీ మాటంటె ఆమెకు పాణం అన్నాడు. మల్లికార్జున్ అప్పటికే డప్పుల వైపు రెండడుగులు వేసి ఉన్నాడు. నలుగురూ పట్టుకొచ్చి కూర్చోబెట్టారు.

ఆయన వంగి పిలిచాడు. "అవ్వా. అవ్వా. లే అవ్వా."

ఆ గొంతు విని మగవాళ్లు కూడా కళ్లొత్తుకున్నారు. అందులో నటన ఏమీ లేదు. దింపుడు కల్లం దగ్గర నిలబడ్డ అంతమందిలో, సత్తమ్మ నిజంగా లేచి కూర్చోవాలని, ఇంటికి పోయి ఇదంతా మళ్లీ మొదటి నుంచి జరగాలని మనస్ఫూర్తిగా కోరుకున్నవాడు ఆయన ఒక్కడే. సత్తమ్మ లేవలేదు. ఆయన చేత చేయించుకోవలసిన పనులు ఇక ఏమీ మిగల్లేదు.

తెల్లారి పొద్దున్నే మల్లికార్జున్ పదివేలు జేబులో పెట్టుకుని ఇస్రాయేలు ఇంటికి పోయాడు. ఆ పదివేలు శ్రీవాణి మిషన్ డబ్బాలోవి. ఇస్రాయేలు వాకిట్లో డప్పుకు ఎండ చూపిస్తున్నాడు. లేచి కుర్చీ వేశాడు. చాయ్ తాగుతరా అని అడిగాడు. మల్లికార్జున్ చాయ్ వద్దని రూపాయి సంగతి ఎత్తాడు.

"అక్షితా, గిట్ల రా బిడ్డా," అని పిలిచాడు ఇస్రాయేలు.

మూడేళ్ల మనుమరాలు పరుగెత్తుకొచ్చింది. మెడలో నల్లదారం. దారానికి రూపాయి. దారం ఎక్కించడానికి దానికి మేకుతో బెజ్జం కొట్టారు. మేకు సరిగ్గా చార్మినార్ వాకిట్లోంచి దిగింది. అక్కడ ఉండవలసిన చిన్న అక్షరం, మహబూబ్ గుర్తు, ఇప్పుడు గుండ్రటి ఖాళీ. దాంట్లోంచి పిల్ల అంగీ కనిపిస్తున్నది.

మల్లికార్జున్ చాలాసేపు ఆ బెజ్జంలోంచి చూశాడు. ఇంత విలువైన వస్తువును పాడుచేశావని, చరిత్రకు మేకు కొట్టావని అన్నాడు. ఇస్రాయేలు ఓపికగా విన్నాడు.

"విలువ సంగతి నాకెర్కలేదు పటేలా. గిది ఎనబై తొమ్మిదేండ్ల ఆయుష్షు. సత్తవ్వ ఎనబై మూడుకే వోతుండె. మీరు గోలీలు వెట్టి, షోర్వ తాగిచ్చి, గింకో ఆరేండ్లు నిలవెట్టిండ్రు." మనుమరాలి తల నిమిరాడు. "గా ఆరేండ్లు మా పొల్లకు మీరిచ్చినయే. పటేలుకు దండం వెట్టు బిడ్డా."

పిల్ల దండం పెట్టింది. వంగినప్పుడు రూపాయి ముందుకు ఊగింది.

ఇంటికొచ్చి మల్లికార్జున్ ఆల్బం ముందేసుకుని కూర్చున్నాడు. పదకొండు అరలు నిండుగా, పన్నెండోది ఖాళీగా. మిషన్ డబ్బాలోంచి తీసిన పదివేలు బల్ల మీద పెట్టాడు. శ్రీవాణి వాటిని చూసింది, తీసి డబ్బాలో వేసింది. మళ్లీ కూర్చుని మిషన్ తొక్కసాగింది. కొంతసేపటికి తల ఎత్తకుండానే అన్నది.

"గసొంటిది మా అమ్మ కాడ గూడ ఒకటున్నట్టుంది."

మల్లికార్జున్ తల లేచింది. చార్మినార్ ఉందా అని అడిగాడు. ఉందట. వాకిట్లో అక్షరం ఉందా అని అడిగాడు. ఉందో ఏమో, ఆమె ఎప్పుడూ చూడలేదట; కొంగున గట్టుకుని ఎవ్వరికీ చూపెట్టదట. పన్నెండేళ్ల కాపురంలో ఈ మాట ఎన్నడూ ఎందుకు చెప్పలేదని ఆయన నిలదీశాడు.

మిషన్ ఆగింది. "మా అమ్మ ఎట్లున్నదని నువ్వు ఎన్నడన్న అడిగితివా?"

మరునాడు ఏడు గంటల నార్కట్‌పల్లి బస్సుకు మల్లికార్జున్ ఆరున్నరకే వచ్చి నిలబడ్డాడు. చంకలో సంచి, అందులో మోకాళ్ల నూనె, క్యాల్షియం గోలీలు, మూత గట్టిగా బిగించిన షోర్వా డబ్బా. చూపు రోడ్డు మీద నిలిచి ఉంది. ముఖంలో మళ్లీ ఆ ఏకాగ్రత వచ్చింది.

కృష్ణమ్మకు డెబ్బై ఒకటి. మోకాళ్లు తప్ప ఆమెకు ఏ రోగమూ లేదు.